మరమేకుల పొట్లాలు

వడ్రంగి మేస్త్రిగారు పోయారు. పోయిన గురువారం పొద్దున బడిలో ప్రార్థన అయ్యి పిల్లలు గదుల్లోకి వెళ్తుంటే వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "టీచరుగారూ, నాన్న వెళ్ళిపోయారండి" అంది, అంతే. టీ తాగి, రంపానికి పదును పెడదామని ఆకురాయి తీసుకుని కూర్చున్న మనిషి అలాగే గోడకి ఆనుకుని ఉండిపోయారట. డెబ్భై దాటిన ప్రాణం. ఒక్క రోజు మంచాన పడలేదు, ఎవరి చేతా ఒక గ్లాసు నీళ్ళు పోయించుకోలేదు.

సెలవు చీటీ రాసిచ్చి బయల్దేరాను. దారిలో టీ కొట్టు దగ్గర మా ఊరి సొసైటీలో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. "తలుపులు పీకే మేస్త్రి పోయాడంటగా. ఊరందరికీ అప్పులెగ్గొట్టడం నేర్పిపోయాడు" అన్నాడు, నాతో కాదు, పక్కనున్న వాళ్ళతో. నాకు వినపడాలనే అన్నాడు. నేను ఆగాను. ఆయన ఎవరికీ ఎగ్గొట్టడం నేర్పలేదని, సొసైటీవాళ్ళకి కాగితం చదవడం నేర్పారని, ఆ మంట ఇన్నేళ్ళయినా చల్లారలేదని మొహమ్మీదే చెప్పి వచ్చేశాను. నా నోరు అలాంటిది. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ నీ నోటికి గడియ పెట్టడం మర్చిపోయాడే దేవుడు అంటుండేవారు.

చావు ఇంటికి వెళ్తూ దారిలో తగవు పెట్టుకోవడం మర్యాద కాదని నాకూ తెలుసు. అయినా చెప్పాల్సిన మాట చెప్పకుండా దాటిపోతే ఆ ఇంటి గుమ్మం ఎక్కే అర్హత నాకు ఉండదనిపించింది. ఇప్పుడు ఇది రాస్తున్నదీ అందుకే.

తలుపులు పీకిన మాట నిజమే. దాచను. మా ఇంటి తలుపు కూడా ఆయనే పీకారు.

మా ఊరు నరసాపురం నుంచి బస్సులో అరగంట. కొబ్బరి, వరి, ఇంటింటా ఆడవాళ్ళ లేసు అల్లికలు. పెద్ద తుఫాను వచ్చిన ఏడాది మా ఆయన కొబ్బరి తోటలో సగానికి పైగా చెట్లు నేలకొరిగాయి. కొబ్బరి మళ్ళీ నాటి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. తోట మీద సొసైటీలో తెచ్చిన అప్పు అన్నేళ్ళు ఆగదు కదా. మా ఒక్కరి సంగతే కాదు, మా వీధిలో తోట ఉన్న ప్రతి ఇంటిదీ అదే కథ. మరుసటి ఏడు ఎండాకాలం వెళ్ళీ వెళ్ళకముందే వసూళ్ళు మొదలయ్యాయి.

ఆ వసూళ్ళకి ఒక పద్ధతి ఉండేది. ముందు డప్పు, దాని వెనక జీపులో వసూళ్ళ ఆఫీసరు, జీపు వెనక ఖాళీ ట్రాక్టరు, అన్నిటికంటే వెనక సైకిలు మీద పనిముట్ల సంచితో మేస్త్రిగారు. బాకీ ఉన్న ఇంటి ముందు ఆగి డప్పు మోగించేవారు. జనం పోగయ్యాక మేస్త్రిగారు సైకిలు దిగి వీధి తలుపు రెండు రెక్కలూ ఊడదీసేవారు. ఆ రెక్కలు ట్రాక్టరులో వేసుకుని పక్కింటికి పోయేవారు. బీరువా పట్టుకెళ్తే ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. వీధి తలుపు పట్టుకెళ్తే వచ్చేపోయే ప్రతివాడికీ తెలుస్తుంది. పాత తలుపు అమ్మితే ఎంతొస్తుందండీ? వాళ్ళకి తలుపు అక్కర్లేదు. మా పరువు కావాలి.

మా ఇంటికి వచ్చిన రోజున అత్తగారు వీధి గుమ్మంలోనే ఉన్నారు. ఆవిడకి చూపు తగ్గింది. లేసు అల్లాలంటే వీధి వెలుగు కావాలి. తలుపు రెక్కకి వీపు ఆనించి కూర్చుని అల్లుకోవడం నలభై ఏళ్ళ అలవాటు. జీపు ఆగినా, డప్పు మోగినా ఆవిడ లేవలేదు. మేస్త్రిగారు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అమ్మగారూ, కాస్త పక్కకి కూర్చుంటారాండి" అన్నారు.

"ఏవయ్యా మేస్త్రీ, ఈ తలుపు చేసింది మీ నాన్నే కదయ్యా."

"అవునండి. అందుకే నేనే తీస్తున్నానండి. ఇంకోడు తీస్తే చెక్క చీల్చేస్తాడు."

ఎవరో కబురు చెబితే నేను బడి నుంచి పరుగెత్తుకొచ్చాను. అప్పటికి ఒక రెక్క గోడకి ఆనించి ఉంది. నోటికి ఎంతొస్తే అంత అన్నాను. ఆడవాళ్ళున్న ఇంటికి తలుపు లేకుండా చేసి, ఆ కూలి డబ్బుతో వండుకున్న అన్నం గొంతు దిగుతుందా అని అడిగాను. ఆఫీసరుని కాదు, మేస్త్రిగారినే అడిగాను. ఆఫీసరు పరాయివాడు. ఈయన మా పెళ్ళికి పందిరి రాటలు పాతిన మనిషి. ఆయన తలెత్తలేదు. మడతబందుల మరమేకులు ఒక్కొక్కటీ తిప్పి తీసి ఎడమ అరచేతిలో వేసుకుంటున్నారు. అన్నీ తీశాక చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశారు. రోజుకొకటి చింపే క్యాలెండరు ఉంటుంది చూడండి, అందులో ఆ రోజు కాగితం. అందులో మేకులు పోసి పొట్లం కట్టి, చెవి మీద పెన్సిలు తీసి మా ఇంటి పేరు వంకర అక్షరాలతో రాసి సంచిలో వేసుకున్నారు.

మేకులు కూడా వదలరా అన్నాను. అప్పుడు మాత్రం మాట్లాడారు. "ఏ చెక్కలో తిరిగిన మేకు ఆ చెక్కకే పట్టుద్దండి. మార్చితే వదులైపోద్ది. మళ్ళీ బిగించేటప్పుడు కావాలి కదండీ."

మళ్ళీ బిగించడమా! నాకు ఇంకా మండింది. ఆయన జీపు ముందు భాగం మీద పెట్టిన కాగితంలో సంతకం చేసి, కూలి తీసుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే తిరిగొచ్చారు. సైకిలు వెనక చుట్ట చుట్టిన తాటాకు తడిక. ఎవర్నీ ఏమీ అడక్కుండా మా గుమ్మానికి కొలిచి, పురికొసతో కట్టి, లోపలి నుంచి వేసుకోవడానికి ఒక కొక్కెం కూడా పెట్టారు. నేను లోపలికెళ్ళిపోయాను. అత్తగారే మజ్జిగ ఇచ్చారు. తరవాత తెలిసింది, తలుపు తీసిన ప్రతి ఇంటికీ ఆ సాయంత్రమే తడిక కట్టారట. పొద్దున కూలి, సాయంత్రం తడికకి సరిపోయేది. ఊళ్ళో దానికీ నవ్వారు. పొద్దున పాపం, సాయంత్రం ప్రాయశ్చిత్తం అన్నారు. నేనూ అన్నాను.

తలుపు లేని ఇంట్లో ఉండటం ఎలా ఉంటుందో అనుభవించని వాళ్ళకి చెప్పడం కష్టం. దొంగల భయం కాదు. మా ఇంట్లో ఎత్తుకుపోయేదేముంది? అత్తగారు వీధి గుమ్మంలో కూర్చోవడం మానేశారు. పెరటి వైపు వెలుగు చాలక అల్లిక తప్పుతుంటే విప్పి మళ్ళీ అల్లేవారు. మా ఆయన అన్నం దగ్గర తలెత్తేవారు కాదు. మా వీధికి ఎవరు చుట్టాలొచ్చినా ఏ ఇళ్ళకి తడికలున్నాయో చూసుకుంటూ నడిచేవారు.

నెల తిరక్కుండానే, ఒకరోజు మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటుంటే మేస్త్రిగారు బడికి వచ్చారు. చేతిలో మడత పెట్టిన కాగితం. సొసైటీవాళ్ళు ఆయనకి నాలుగు రోజుల కూలి బాకీ పెట్టారు. అప్పు వసూలు చేసేవాళ్ళే కూలి ఎగ్గొట్టారన్నమాట. అడిగితే ముట్టినట్టు నీ సంతకం ఉందిగా అన్నారట. అయితే ఆ కాగితం ఇవ్వండి, చదివించుకుంటాను అని గుమాస్తా దగ్గర పొద్దుటి నుంచి కూర్చుని, విసిగించి, ఒక నకలు తెచ్చుకున్నారు. ఆయన చదివింది రెండో తరగతి. పేర్లు రాయగలరు, సంతకం పెట్టగలరు, ఆఫీసు తెలుగు మాత్రం కొరుకుడు పడదు.

"టీచరుగారూ, మీకు నా మీద కోపం. ఉండనివ్వండి. ఇది మాత్రం కాస్త చదివి పెట్టండి. పైకి చదవండి" అన్నారు.

చదివాను. బాకీదారులైన ఫలానావారు తమ ఇంటి వీధి తలుపును తామే స్వయంగా, ఎవరి బలవంతమూ లేకుండా ఊడదీసి, బాకీ కింద ఉంచుకొమ్మని సొసైటీవారికి అప్పగించినారు. ఈ సంగతి కళ్ళారా చూచిన సాక్షి అని ఉంది. సాక్షి అన్న మాట కింద మేస్త్రిగారి సంతకం. ఆయన కూలి రసీదు అనుకున్నది అదీ.

ఇంకోసారి చదవమన్నారు. ఇంకోసారి చదివాను. ఇలాంటివి ఎన్నింటి మీద సంతకాలు పెట్టారని అడిగాను. ఎన్ని ఇళ్ళ తలుపులు తీశానో అన్నిటి మీదా అన్నారు. బడి మెట్టు మీద కూలబడిపోయారు. ఆయన్ని నాలుగు మాటలు అనాలని ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నాను. ఆ మొహం చూశాక అవి పక్కనపెట్టి పక్క మెట్టు మీద కూర్చున్నాను.

"జీపు వచ్చింది, డప్పు ఉంది, ఆఫీసరున్నాడు, ఆర్డరు ఉండే ఉంటదనుకున్నానండి. తలుపులు తీయించారు, సర్లే, కూలివాణ్ణి. నా చేత అబద్ధం కూడా చెప్పించారండి" అన్నారు.

నాకు తెలిసింది చెప్పాను. ఆ సంతకాలు ఉన్నంత కాలం మా తలుపులు మేమే ఇచ్చినట్టు. ఎవరు ఎక్కడ మొరపెట్టుకున్నా ఆ కాగితాలే చూపిస్తారు. సోమవారం సోమవారం నరసాపురంలో పెద్ద ఆఫీసరు అర్జీలు తీసుకుంటారు, అక్కడికెళ్ళి ఆ సాక్ష్యం అబద్ధమని ఈయనే చెప్పాలి. చెబితే మాత్రం తప్పుడు సంతకం పెట్టావని ఈయన మీదే కేసు పెట్టొచ్చు. అదీ చెప్పాను. ఆయన లేచి పంచె దులుపుకున్నారు.

"పెట్టనివ్వండి. నేను బిగించిన తలుపు వంకరొస్తే నేనే వెళ్ళి సరిచేస్తాను కదండీ. సంతకం వంకరైతే ఊరుకుంటానా?"

ఈ మాట సొసైటీకి చేరింది. వసూళ్ళ ఆఫీసరు మేస్త్రిగారింటికి మొదట మంచిగా వచ్చాడు. సొసైటీ గోడౌనులో చెక్కపని మొత్తం రాసిస్తామన్నాడు. ఆ ఒప్పందం పైకి చదవమన్నారట ఈయన. ఆ మర్నాడు ఇంకోలా వచ్చాడు. ఈ చుట్టుపక్కల ఎక్కడా పని దొరకదన్నాడు, జైలన్నాడు, పెళ్ళయిన కూతురి కాపురం మాటెత్తాడు. మేస్త్రిగారు వింటూ మంచం కోడు చెక్కుకుంటూ కూర్చున్నారట. పని ఆపకుండా వినడం ఆయనకి అలవాటు.

సోమవారం పది పన్నెండు ఇళ్ళవాళ్ళం బస్సెక్కాం. అత్తగారు కూడా వచ్చారు, వద్దంటే వినలేదు. మేస్త్రిగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. చెవి మీద పెన్సిలు తీయడం మాత్రం మర్చిపోయారు. ఒళ్ళో పనిముట్ల సంచి. పనికి వెళ్ళడం లేదు కదా, సంచి ఎందుకండీ అంటే, ఊరికే అన్నారు.

ఆఫీసులో మా వంతు మధ్యాహ్నానికి వచ్చింది. సొసైటీ తరఫు ఆఫీసరు ఫైలు తెరిచి, అందరూ ఇష్టపూర్వకంగా అప్పగించారని, సాక్షి సంతకాలున్నాయని చెప్పాడు. పెద్ద ఆఫీసరు ఒక కాగితం తిప్పి చూపించి, ఇది మీ సంతకమేనా అని మేస్త్రిగారిని అడిగారు.

"సంతకం నాదేనండి. మాట నాది కాదండి."

అంటే ఏమిటో వివరంగా చెప్పమన్నారు. మేస్త్రిగారు సంచి తెరిచి బల్ల మీద కుమ్మరించారు. పొట్లాలు. క్యాలెండరు కాగితాల పొట్లాలు, ఒక్కోదాని మీదా ఒక్కో ఇంటి పేరు.

"వాళ్ళ తలుపులు వాళ్ళే ఊడదీసి ఇచ్చుంటే, ఆ మడతబందుల మరమేకులు నా సంచిలో ఎందుకున్నాయండి?"

పెద్ద ఆఫీసరు ఒక పొట్లం తీసుకుని కాగితం మీద అచ్చువేసిన తేదీ చూశారు. ఫైల్లో ఆ ఇంటి కాగితం తీసి తేదీ చూశారు. ఒకటే. ఇంకో పొట్లం, ఇంకో కాగితం. అదీ ఒకటే. మూడోది మా ఇంటిది. విప్పితే మరమేకులు దొర్లాయి. అత్తగారు ముందుకు వంగి చేత్తో తడిమి, ఇవి మావేనండి బాబూ, ఆ మేకుకి తల ఓ పక్క అరిగుంటది, నా కొంగు దానికే తగులుకునేది అన్నారు. నాకు ఆ క్షణంలో ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

తలుపులు తీసుకెళ్ళమన్న ఆర్డరు ఏదీ అని పెద్ద ఆఫీసరు అడిగారు. సొసైటీవాళ్ళు ఒక నోటీసు ఇచ్చారు. "అయ్యా, పైకి చదివించండయ్యా" అన్నారు మేస్త్రిగారు. పెద్ద ఆఫీసరే పైకి చదివారు. ఫలానా తేదీలోగా బాకీ చెల్లించవలెను, లేనియెడల చట్టప్రకారం చర్య తీసుకొనబడును. అంతే ఉంది. తలుపన్న మాట ఎక్కడా లేదు. డప్పు లేదు, ట్రాక్టరు లేదు. చట్టప్రకారం అంటే కోర్టుకో పై అధికారికో వెళ్ళి ఆర్డరు తెచ్చుకోవడమని, ఇంటికున్న వీధి తలుపు ఇంట్లో భాగమని, కుర్చీలా ఎత్తుకుపోయే సామాను కాదని ఆయన గట్టిగానే చెప్పారు. వారంలోగా అన్నీ తిరిగి అప్పగించమని రాశారు. మేస్త్రిగారికీ చీవాట్లు పడ్డాయి. చదవకుండా సంతకం పెట్టడం తప్పని తెలియదా అన్నారు.

"తప్పేనండి. నాకు తెలిసిందండి. చదివి కూడా పెట్టించుకున్నారు చూడండి, వాళ్ళకి కూడా చెప్పండి" అన్నారు మేస్త్రిగారు. వెళ్ళబోతూ ఆగి ఇంకో మాట అన్నారు. "అప్పు వాళ్ళు కట్టాలండి. వద్దని నేననను. అప్పడగడానికి ఒక పద్ధతి ఉంటదండి, అంతే."

టీ కొట్టు దగ్గర కూర్చునే పెద్దమనుషులు ఈ మాట ఎప్పుడూ చెప్పరు. నేను చెబుతాను. మా వీధిలో అప్పు ఎగ్గొట్టిన ఇల్లు లేదు. వాయిదాలు వేయించుకున్నాం, ఆలస్యం చేశాం, లేసు అమ్మి కట్టాం, నా జీతంలోంచి కట్టాం. తలుపు వేసుకుని, లోపల తలెత్తుకుని బతుకుతూ కట్టాం.

తలుపులన్నీ గోడౌను వెనక ఆరుబయట ఒకదాని మీద ఒకటి పడేసి ఉంచారు. వానలకి నానాయి. మేస్త్రిగారు నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంటి పొట్లం ఆ ఇంటి ముందు విప్పి, బిగించారు. కూలి పుచ్చుకోలేదు. మా ఇల్లు ఆఖరు. మేము బడికీ పొలానికీ వెళ్ళిన వేళ వచ్చి బిగించి పెట్టారు. నేను వచ్చేసరికి చిత్రిక పట్టి, రంగు కూడా వేసి ఉంది. అత్తగారు రెక్కని కింది దాకా నిమిరి, ఇక్కడ ఈ అతుకేంటయ్యా అన్నారు. అడుగున చెద తిందండి, కోసేసి వేరే చెక్క అతికానండి అన్నారు. మరమేకుల తలల మీద గాట్లన్నీ ఒకే తీరున నిలువుగా నిలబడి ఉన్నాయి. అది ఆయన చేతి గుర్తు. ఆయన బిగించిన మేకు ఎక్కడున్నా గాటు నిలువుగానే ఉంటుంది. వెళ్తూ వెళ్తూ, నా తడిక నాకిచ్చేయండి అని అడిగి మరీ పట్టుకెళ్ళారు. ఇచ్చిన తడిక వెనక్కి అడిగే మనిషని నవ్వుకున్నాం.

మర్నాటి నుంచి అత్తగారు గుమ్మంలో కూర్చుని లేసు అల్లారు, పోయేదాకా.

వసూళ్ళ ఆఫీసరు అన్నంత పనీ చేశాడు. రెండేళ్ళు ఈ చుట్టుపక్కల ఆయనకి ఎవరూ కొత్త ఇంటి పని ఇవ్వలేదు. కుర్చీల కాళ్ళు, మంచాల కోళ్ళు, అంతే. కొన్నాళ్ళు కడియం వెళ్ళి నర్సరీల్లో మొక్కలు పంపే చెక్కపెట్టెలు కొట్టి, వారానికోసారి వచ్చేవారు. ఒక్కసారి కూడా పశ్చాత్తాపపడినట్టు మాట్లాడలేదు. చేతిలో పని ఉంటే చాలండి, ఎవరిదైతే ఏం అనేవారు.

ఆయనకి మిగిలిన అలవాటల్లా పైకి చదివించడం. పెళ్ళి శుభలేఖ తెచ్చినా, కరెంటు బిల్లు వచ్చినా, మందుల చీటీ రాసినా, ఇచ్చినవాళ్ళనే పైకి చదవమనేవారు. నాకు హెడ్ మిస్ట్రెస్ గా ప్రమోషన్ వచ్చినప్పుడు స్వీటు పెడదామని వెళ్తే, ముందు ఆర్డరు చదవండి అన్నారు. వీధిలో నిలబడి ప్రభుత్వ ఉత్తర్వు నంబరుతో సహా చదివాను. అప్పుడు గానీ లడ్డు నోట్లో వేసుకోలేదు.

తరవాత్తరవాత వారం వారం కట్టే అప్పుల కంపెనీలొచ్చాయి. ఒకామె కట్టలేకపోతే మిగతా ఆడవాళ్ళని తీసుకొచ్చి ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టడం కొత్త పద్ధతి. డప్పు పోయి మోటారు సైకిళ్ళొచ్చాయి, మిగతాదంతా పాతదే. ఆ రోజుల్లోనే పేపర్లో ఒక వార్త వచ్చింది. వసూలుకి వచ్చేవాళ్ళు గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన ఉత్తరం చూపించాలని, వేళకాని వేళ రాకూడదని, బెదిరించకూడదని, నలుగురిలో అవమానించకూడదని. నేను చదివి వినిపిస్తే మేస్త్రిగారు ఆ ముక్క కత్తిరించి ఇమ్మన్నారు. నరసాపురం వెళ్ళి లామినేషన్ చేయించుకొచ్చారు. మేస్త్రిగారింటికి వీధి తలుపు లేదు, తడికే. ఆ తడికకి దాన్ని వేలాడదీశారు.

మా వీధిలో ఎవరింటి ముందైనా మోటారు సైకిలు ఆగిందంటే చాలు, తను చేసుకున్న ముక్కాలి పీట పట్టుకుని వెళ్ళి ఆ కుర్రాళ్ళకి ఎదురుగా వేసుకుని కూర్చునేవారు. కార్డు చూపించండి బాబూ అనేవారు. ఉత్తరం ఉందా, పైకి చదవండి బాబూ అనేవారు. కోపం ఉండేది కాదు గొంతులో. చదివేదాకా లేచేవారు కాదు. సగం మంది దగ్గర ఉత్తరం ఉండేది కాదు. ఉన్నవాళ్ళు చదివి, వాళ్ళకే సిగ్గేసి, మర్యాదగా మాట్లాడి వెళ్ళేవారు. ఒకడు మాత్రం నువ్వెవడివి అన్నాడు. "తలుపులు పీకే మేస్త్రిని. ఎవర్నైనా అడగండి" అన్నారట. జనం పెట్టిన పేరుని అలా తల మీద పెట్టుకుని తిరిగారు.

ఆ తడిక గురించి నేను ఆయన్ని ఎన్ని మాటలన్నానో! ఊరందరికీ తలుపులు చేసే మనిషికి సొంతింటికి ఒక తలుపు చేసుకునే తీరిక లేదా అనేదాన్ని. బద్ధకం అనేదాన్ని. పిసినారితనం అని కూడా అన్నాను, నవ్వుతూనే అనుకోండి. కడియం నుంచి వచ్చాక కూడా తడికే, అది చివికితే ఇంకో తడికే. పాతది పుచ్చిపోయిందండి, కొత్తది చేద్దాం, మంచి చెక్క దొరకాలి అనేవారు. దొరకలేదు. ఇది పదేళ్ళకి పైగా మా ఇద్దరి మధ్యా సాగిన వేళాకోళం.

గురువారం నేను వెళ్ళేసరికి ఆయన్ని వీధిలో పడుకోబెట్టారు. తడిక తీసి గోడవారగా పెట్టారు. వేలాడుతున్న ఆ లామినేషన్ కాగితం గాలికి తడికకి కొట్టుకుంటోంది. వీధంతా జనం. టీ కొట్టు దగ్గర పెద్దమనిషి కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. వాళ్ళమ్మాయి నన్ను చూసి లేచి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. పనిముట్ల సంచి తీసి నా ముందు పెట్టింది. ఉలి, బాడిత, చిత్రిక, అన్నిటికీ అడుగున ఒక క్యాలెండరు కాగితం పొట్లం. ఒకే ఒక్కటి మిగిలిపోయింది.

ఎవరింటి మేకులో, తిరిగివ్వకుండా ఎలా ఉంచుకున్నారో అనుకున్నాను. పొట్లం మీద తేదీ చూశాను. మా తలుపు బిగించి వెళ్ళిన రోజు. పేరు చోట మా ఇల్లు అని ఉంది, అంటే ఆయన ఇల్లు.

"మీ తలుపు చెద తినలేదండి" అందా అమ్మాయి నెమ్మదిగా. "గోడౌను దగ్గర లారీలు దిగబడకుండా బురదలో బల్లలాగా వేశారంట. నాన్న వెళ్ళేసరికి రెండు రెక్కలూ చీలిపోయినాయండి. తాతయ్యే చేశాడు కదండీ రెండిళ్ళవీ, తీరు ఒకటే. మాది నాలుగు వేళ్ళు పొట్టి. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారండి."

జన్మలో మొదటిసారి నా నోటికి గడియ పడింది. నాలుగు వేళ్ళు పొట్టి. అడుగున అతికిన చెక్క. వెనక్కి అడిగి పట్టుకెళ్ళిన తడిక. పదేళ్ళుగా నేను ఆ తలుపు వేసుకుని, ఆ తలుపు తీసుకుని, ఆ తలుపు మీదుగా బయటికొచ్చి, ఆ మనిషిని తలుపు లేదని ఎగతాళి చేశాను.

పొట్లం కాగితం లోపలి వైపు ఇంకా ఏదో రాసి ఉంది. పెన్సిలు అక్షరాలు, వంకరగా, వత్తి రాసినవి. ఆ అమ్మాయికి చదవడం వచ్చు, అయినా నా చేతికే ఇచ్చింది. పైకి చదవండి టీచరుగారూ అంది.

"మా తలుపు టీచరుగారింటికి అప్పిచ్చాను. అడగకూడదు."

లోపల మెల్లిగా చదివాను. బయట ఎవరికీ వినపడలేదు. కాగితం పట్టుకుని తలుపు లేని ఆ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. వీధిలో దూరంగా నిలబడ్డవాళ్ళకి కూడా వినపడేలా, మొదటి నుంచి మళ్ళీ పైకి చదివాను.